కొరిటెపాడు గిడ్డంగిలో ఒక బస్తా తాలు

తాను ఆరేళ్ళుగా కాపురం చేస్తున్నది ఇంట్లో కాదనీ, మిర్చి శీతల గిడ్డంగిలో అనీ కృపావతికి మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి తెలిసింది.

తెలియజేసింది తలుపుకి అంటించిన నోటీసు. బంక ఇంకా తడిగానే ఉంది. అంటించినవాడు వెళ్ళి అయిదు నిమిషాలు కూడా అయి ఉండదు. ఆమె వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఇస్త్రీ బండి, నిద్రపోతున్న కుక్క తప్ప ఇంకేమీ కనిపించలేదు.

కృపావతి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజుకి అరవై మంది చేతుల్లో సూదులు దించుతుంది. ఆ రోజు ల్యాబు సంగతి మరిచి వాకిట్లోనే నిలబడి చదివింది.

"విషయం: శీతల గిడ్డంగిలో అనధికార మానవ నివాసం గురించి" అని మొదలైన ఆ నోటీసు సారాంశం ఇది. పది నెలల కిందట కృపావతి సంతకం చేసిన అగ్రిమెంటు పద్నాలుగో షరతు ప్రకారం సదరు గిడ్డంగిలో మిర్చి బస్తాలు తప్ప మనుషులు నిల్వ ఉండరాదు. మనుషులు ఉన్నట్టు విశ్వసనీయంగా తెలిసింది. ఏడు రోజుల్లో మనుషుల్ని ఖాళీ చేయించి, ఉష్ణోగ్రతని ఆరు డిగ్రీలకి దించి, లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. కింద సుస్థిర నివాస్ అనే అద్దె ఏజెన్సీ ముద్ర. ఇంటి యజమాని బిలాస్‌పూర్‌లో ఉంటాడు. నిరుడు వ్యవహారమంతా ఆ ఏజెన్సీ చేతుల్లో పెట్టాడు.

లోపల మంచం మీద కూర్చున్న మావగారు యేసుపాదం, వాకిట్లో ఆమె అంతసేపు నిలబడటం విని ఏందమ్మాయ్ అని అడిగాడు. ఆమె చదివి వినిపించింది. ఆయన కాసేపు ఆలోచించి, ఆరు డిగ్రీలంటే మే నెలలో మంచిదే గదా అన్నాడు.

కానీ ఆయన చెయ్యి మంచం కోడుని గట్టిగా పట్టుకుంది. అది కృపావతి చూసింది.

యేసుపాదం ఇరవై తొమ్మిదేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేశాడు. రెండేళ్ళ కిందట నీటికాసులు ముదిరి రెండు కళ్ళూ పోయాయి. మొదటి మూడు నెలల్లో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆ తరవాత ఇంటిని తన పాత బస్సు స్టాపుల పేర్లతో ఒక రూటుగా మార్చుకున్నాడు. మంచం బస్టాండు. అక్కణ్ణించి ఏడు అడుగులేస్తే వంటిల్లు, దాని పేరు లాడ్జి సెంటరు. ఎడమకి తిరిగి నాలుగు అడుగులేస్తే స్నానాలగది, అది నల్లపాడు. ఈ రూటు మీద ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోడు. ఒకసారి ఎవరో చుట్టాలు వచ్చి కుర్చీని రెండడుగులు జరిపితే పెదవి చిట్లింది. కృపావతి భర్త మార్టిన్ లారీ డ్రైవరు, పదిరోజులకోసారి వస్తాడు, ఇప్పుడు ఒడిశాలో లోడు దింపుతున్నాడు. కోడలు ల్యాబుకి వెళ్ళాక పగలంతా ఆయన ఆ ఇంట్లో ఒక్కడే, తన కాళ్ళ మీద తనే.

"వేరే ఇంటికి పోదామనుకోబాక," అన్నాడాయన మెల్లగా. "కొత్త రూటు నేర్చుకునే వయసు గాదు నాది. అక్కడ నన్ను మంచం మీద దింపితే, ఇంక అదే నా ఆఖరి స్టాపు."

పదింటికల్లా ఆమె సుస్థిర నివాస్ ఆఫీసులో ఉంది.

మేనేజింగ్ పార్టనర్ తేజోమూర్తికి ముప్పై రెండేళ్ళుంటాయి. గుంటూరు ఎండలో కోటు వేసుకుని తిరిగే ధైర్యవంతుడు. అతని కుర్చీ వెనక గోడమీద "కాగితమే సత్యం" అని ఇత్తడి అక్షరాలున్నాయి. కృపావతి చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. తరవాత బీరువాలోంచి అగ్రిమెంటు తీయించి ముందు పెట్టాడు. నాలుగు పేజీలు. మొదటి పేజీలో ఆమె పేరు, ఇంటి నంబరు, కింద ఆమె సంతకం. నాలుగో పేజీలో సాక్షులు, మళ్ళీ ఆమె సంతకం. రెండూ, మూడూ పేజీల నిండా మిర్చి.

"గిడ్డంగిలో ఉంటూ ఇల్లంటే ఎట్లా మేడం?" అన్నాడు.

"అది ఇల్లేనండీ. రెండు గదులు, వంటిల్లు. కావాలంటే వచ్చి చూడండి."

"చూడం. చూస్తే గందరగోళం వస్తుంది. అందుకే మా సంస్థలో చూడటం పూర్తిగా మానేశాం."

ఆ తరవాత అతను తమ సంస్థ సాధించిన ప్రగతిని వివరించాడు. ఇదివరకు కాగితానికీ ఇంటికీ తేడా వస్తే కాగితం దిద్దేవారట. దాంతో ప్రతి ఇంటికీ ఒక రకం కాగితం తయారై, వ్యవస్థ అస్తవ్యస్తమైందట. ఇప్పుడు హైదరాబాదు నుంచి ఒక సలహాదారుని పిలిపించుకుని కొత్త విధానం తెచ్చారు. తేడా వస్తే కాగితం జోలికి పోరు. ఇంటిని దిద్దుతారు. దీనికోసం వాస్తవ సవరణ విభాగం అని ప్రత్యేకంగా ఒకటి పెట్టారు.

తాను సంతకం పెట్టినప్పుడు మధ్యలో ఈ పేజీలు లేవని కృపావతి గట్టిగా చెప్పింది.

"మరి ఏమున్నాయి?"

మన ఊళ్ళలో అగ్రిమెంటు మీద సంతకం ఎట్లా పెడతారో అందరికీ తెలిసిందే. ఒకాయన కాగితాలు పట్టుకుని నిలబడతాడు. మొదటి పేజీ తీసి వేలు పెట్టి చూపిస్తాడు, అక్కడ పెడతాం. మధ్య పేజీలు ఫరఫరా తిప్పేస్తాడు. చివరి పేజీలో వేలు పెడతాడు, అక్కడా పెడతాం. మధ్యలో ఏముందని అడిగితే ఎదుటి మనిషిని అనుమానించినట్టవుతుంది. కృపావతి మర్యాదస్తురాలు. అడగలేదు.

"చదవలేదన్నమాట," అన్నాడు తేజోమూర్తి, జాలిగా. "చదవనివాళ్ళు మారిందని ఎట్లా అంటారు మేడం?"

బయట బెంచీమీద ఇంకా కొందరున్నారు. ఒక హిందీ మాస్టారి రెండుగదుల వాటా కాగితం మీద పెట్రోలు బంకు. వాకిట్లో నాలుగు బకెట్ల ఇసుక పెట్టించారు. పొయ్యి వెలిగించకూడదు గనక ఆయన పదిరోజులుగా బన్నులు తింటున్నాడు. బ్యూటీ పార్లరు నడిపే ఒకావిడది మామిడితోట. పూత ఎప్పుడొస్తుందో రాతపూర్వకంగా తెలపమంటే, ఆవిడ రెండు కుండీల్లో మొక్కలు కొని తెచ్చుకుంది. ఇద్దరూ ఇప్పుడు వాదించడం మానేశారు. సవరణ ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి వచ్చారు.

బుధవారం ఉదయం వాస్తవ సవరణ విభాగం కృపావతి ఇంటికి వచ్చింది. ఆ విభాగమంటే బాజీ అనే యాభై ఏళ్ళ మనిషి, చేతిలో థర్మామీటరు, చంకలో రిజిస్టరు. అంతకుముందు ఇరవై ఏళ్ళు మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేశాడు. ఊళ్ళో ఇళ్ళు వరసగా గిడ్డంగులైపోతుంటే ఏజెన్సీవాళ్ళు ఆ అనుభవం చూసి తీసుకున్నారు.

బాజీ మంచివాడు. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది.

అతను ముందు గదిలో థర్మామీటరు పెట్టి ముప్పై ఎనిమిది రాసుకున్నాడు. ఆరుకి దించాలంటే ఎన్ని ఏసీలు కావాలో లెక్కేయబోయి మానేశాడు. తరవాత మంచం మీది మనిషిని చూశాడు. ఆయన కళ్ళ సంగతి, రూటు సంగతి కృపావతి చెప్పింది. బాజీ గడ్డం గోక్కుంటూ అగ్రిమెంటు జిరాక్సు తిరగేశాడు. చాలాసేపటికి అతని మొహం వెలిగింది.

"పెద్దాయనా, మనుషులుండగూడదని ఉంది గానీ సరుకుండగూడదని లేదు," అన్నాడు. "నిన్ను సరుకు కింద రాశాననుకో, ఎవుడొచ్చినా కదిలించలేడు."

"రాయి నాయనా," అన్నాడు యేసుపాదం. "బస్సులో ముప్పై ఏళ్ళు జనాన్ని బస్తాల్లాగే కుక్కాను. ఆ పాపం ఇట్టా తీరుద్దిలే."

"రకం ఏందని రాయాలి? నోరు చూస్తే ఘాటైన తేజా రకమే అనిపిస్తంది. రంగు చూస్తే మాత్రం రాయబుద్ధి గావట్లా."

"తాలు అని రాయి."

తాలు అంటే రంగు వెలిసి తెల్లబడిన కాయ. యార్డులో దాన్ని విడిగా ఓ మూల పోస్తారు. బాజీ నొచ్చుకున్నాడు గానీ, వృత్తిధర్మం ప్రకారం అది సరైన శ్రేణే గనక రాశాడు. శీతల గిడ్డంగి, కొరిటెపాడు. సరుకు, తాలు. ఒక బస్తా. యాభై ఎనిమిది కిలోలు. తేమ, సామాన్యం.

కృపావతిని హమాలీ కింద రాశాడు. పదహారో షరతు ప్రకారం హమాలీలు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకానే లోపల ఉండాలి. దానికీ బాజీయే దారి చెప్పాడు. ఆరింటికి వీధి తలుపు లోంచి బయటికి వెళ్ళి, అక్కడ ఏజెన్సీ కొత్తగా పెట్టిన వాచ్‌మన్ పుస్తకంలో సంతకం పెట్టి, సందులోంచి తిరిగొచ్చి పెరటి తలుపు తోసుకుని లోపలికి రావాలి. పెరటి తలుపు అగ్రిమెంటులో లేదు. లేని తలుపులోంచి ఎవరూ లోపలికి రాలేరు గనక ఎవరూ వచ్చినట్టు కాదు.

ఆ సాయంత్రం ఆమె అట్లాగే చేసింది. వాచ్‌మన్ ఆమెను పెరటి వైపు దాకా సాగనంపి, తలుపు గట్టిగా ఉంది తొయ్యండని సాయం కూడా చేశాడు.

గురువారం పొద్దున రెండో నోటీసు వచ్చింది.

సరుకు వివరాలు పంపినందుకు సుస్థిర నివాస్ ముందుగా అభినందనలు తెలియజేసింది. సవరణకి సహకరించే కస్టమర్లే తమ ఆస్తి అన్నది. అయితే సదరు తాలు బస్తా గిడ్డంగికి చేరి తొమ్మిది నెలలు దాటినట్టు రికార్డుల వల్ల తేలింది. పద్ధెనిమిదో షరతు ప్రకారం తొమ్మిది నెలలు మించిన సరుకును నరసరావుపేట రోడ్డులోని వేరే గిడ్డంగికి విధిగా తరలించవలెను. సోమవారం ఉదయం పదకొండింటికి లారీ వస్తుంది. బస్తాకి మూతి కుట్టి సిద్ధంగా ఉంచగలరు.

కృపావతి పద్ధెనిమిదో షరతు రెండుసార్లు చదివింది. మావగారికి ఒక్కసారే వినిపించింది. ఆయన లేచి ఏడు అడుగులు నడిచి వంటింట్లోకి వెళ్ళాడు, మంచినీళ్ళు తాగాడు, ఏడు అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. పెదాలు కదులుతూనే ఉన్నాయి.

ఆమె ల్యాబుకి సెలవు చెప్పి అద్దె ఒప్పందాల సమన్వయ కార్యాలయానికి పరిగెత్తింది. అద్దెకున్నవాళ్ళకీ ఏజెన్సీలకీ వచ్చే తగాదాలు తీర్చడానికి ప్రభుత్వం పెట్టిన ఆఫీసు అది. ఉప సమన్వయాధికారి పరాంకుశం గారు అర్జీ మొదటి పేరా చదివి, చివరి పేరా చదివి, పక్కన పెట్టారు.

తమ పరిధి నివాస గృహాలకు మాత్రమే పరిమితమని ఆయన సెలవిచ్చారు. ప్రస్తుత అర్జీదారు గిడ్డంగిలో హమాలీ. హమాలీల సమస్యలకు వేరే శాఖ ఉంది. ఇక తరలింపునకు గురవుతున్నది సరుకు. సరుకు తరఫున అర్జీ స్వీకరించుటకు నిర్ణీత ఫారం అందుబాటులో లేదు. ఫారం కోసం పై కార్యాలయానికి రాశారు, జవాబు రావలసి ఉంది.

కృపావతి కదల్లేదు. ఆ సరుకు రేపు స్వయంగా వచ్చి మాట్లాడుతుందనీ, తెల్లకాగితం మీద వేలిముద్ర కూడా వేస్తుందనీ చెప్పింది. పరాంకుశం గారి సర్వీసులో ఇటువంటి సందర్భం ఎన్నడూ తటస్థపడలేదు. విచారణ పెట్టకపోతే ఆడిటులో అభ్యంతరం రావచ్చన్న భయంతో శుక్రవారం పదకొండున్నరకి సమయమిచ్చారు. పేజీలు మార్చారన్న ఆరోపణకి ఆధారం తెచ్చుకోమన్నారు.

ఆధారం ఎక్కడుంటుంది? కాగితం పుట్టినచోట ఉంటుంది.

రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో దస్తావేజు లేఖరి ముక్కంటేశ్వరరావు కూర్చుంటాడు. ముప్పై ఒక్కేళ్ళుగా అదే కుర్చీ. ముందు టైపు మిషను, ఇప్పుడు కంప్యూటరు. సుస్థిర నివాస్ కాగితాలన్నీ ఆయనవే. సమన్వయ కార్యాలయంలో టైపిస్టు రిటైరయ్యాక ఆ పోస్టు భర్తీ కాకపోవడంతో అక్కడి ఉత్తర్వులూ పిలిచినప్పుడల్లా ఆయనే వెళ్ళి టైపు చేస్తాడు. సన్నగా, కళ్ళజోడుకి తాడు కట్టుకుని, ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి.

కృపావతి ఇచ్చిన జిరాక్సు అందుకుని రెండో పేజీ నింపాదిగా చదివాడు. మూడో పేజీ కూడా.

"ఇది మీరు చదివారామ్మా?" అన్నాడు.

"చదివానండీ."

"మొత్తం?"

"మొత్తం. పద్ధెనిమిదోది రెండుసార్లు చదివాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంత చిన్న విషయానికి మనిషి మొహంలో అంత సంతోషం ఎందుకు వచ్చిందో ఆమెకి అంతుపట్టలేదు. టీ తెప్పించాడు. సోమవారం లారీ రాబోతోందనీ, అందులో ఎక్కించేది చూపులేని తన మావగారిననీ ఆమె చెప్పేసరికి, ఆయన చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"నిజంగా లారీ పంపిస్తున్నారా?" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, రేపు విచారణలో జిరాక్సు ఒప్పుకోవద్దనీ, అసలు కాగితమే చూపించమని పట్టుబట్టమనీ చెప్పాడు. అంతకు మించి ఆమె ఒక్క మాట రాబట్టలేకపోయింది.

శుక్రవారం పదకొండున్నర. పరాంకుశం గారి గదిలో హాజరు వేశారు. అర్జీదారు కృపావతి, హమాలీ. ఎదుటి పక్షం తేజోమూర్తి, మేనేజింగ్ పార్టనర్. లేఖరి ముక్కంటేశ్వరరావు. వివాదాస్పద సరుకు ఒక బస్తా, స్వయంగా.

యేసుపాదం ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ చూపించబోతే, సరుకుని కుర్చీలో పెట్టకూడదేమో కనుక్కోమ్మా అన్నాడు. పరాంకుశం గారు నిబంధనలు చూసి, తాత్కాలికంగా అనుమతించారు.

కృపావతి అసలు కాగితం అడిగింది. తేజోమూర్తి ఇచ్చాడు. అధికారి చూశారు, గుమాస్తా చూశాడు. అందరికీ అది మామూలు అగ్రిమెంటులాగే కనిపించింది. అప్పుడు యేసుపాదం చెయ్యి చాపాడు.

గుమాస్తా నవ్వు ఆపుకుంటూ కాగితాలు ఆ చేతిలో పెట్టాడు. ఆయన ఎడమ పైమూల పట్టుకుని బొటనవేలితో ఒక్కో పేజీ తడిమాడు. మొదటిది. రెండోది. మూడోది. నాలుగోది. మళ్ళీ మొదటినుంచి.

ఇరవై తొమ్మిదేళ్ళు టిక్కెట్టు కట్టలకి పిన్నులు పీకి, కొట్టి, పీకిన వేళ్ళు తనవని ఆయన చెప్పాడు. మొదటి పేజీకీ నాలుగో పేజీకీ పిన్ను చిల్లులు రెండు జతలున్నాయి. రెండో పేజీకీ మూడో పేజీకీ ఒక జతే ఉంది. ఒకసారి పిన్ను పీకి, మధ్యలో రెండు కాగితాలు మార్చి, మళ్ళీ పిన్ను కొట్టారు. మా అమ్మాయి అబద్ధమాడలేదు అన్నాడు.

పరాంకుశం గారు కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. చిల్లులు లెక్కపెట్టారు. వెనక్కి వచ్చి కూర్చుని, పేజీలు మార్చబడినట్లు నిస్సందేహంగా నిరూపితమైనదని ప్రకటించారు.

కృపావతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గెలిచాం అనుకుంది.

తేజోమూర్తి లేచి కోటు గుండీ పెట్టుకున్నాడు. "ఒప్పుకుంటున్నాను సార్. పేజీలు మారాయి. మారినందువల్లే ఇప్పుడు ఇవి పేజీలు. మారకముందు ఉన్నవి ఇప్పుడు లేవు. లేని పేజీల్ని మనం అమలు చెయ్యలేం కదా."

అధికారి కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఇంత సులువైన న్యాయసూత్రం తనకు తట్టనందుకు కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించారు. తరవాత తీర్పు చెప్పారు. కాగితం ఎట్లా తయారైందన్నది చరిత్రకారులు తేల్చవలసిన అంశం. కార్యాలయం చూడవలసింది సంతకం ఉన్నదా, ముద్ర ఉన్నదా అన్న రెండే. ఈ రెండూ పడిన తరవాత కాగితమే మాట్లాడుతుంది, మనుషులు వినవలసి ఉంటుంది. సోమవారం తరలింపు యథాతథంగా జరుగును. సరుకు వయస్సును దృష్టిలో ఉంచుకుని లారీలో గడ్డి పరచవలెను.

ఇదే ఉత్తర్వును ఆయన ఇరవై నిమిషాలపాటు, ఊపిరి తీసుకునేచోట తప్ప ఆగకుండా చెప్పారు. ముక్కంటేశ్వరరావు రాసుకుని, టైపు చెయ్యడానికి పక్కగదిలోకి వెళ్ళాడు. కృపావతి మావగారి పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ ఇంటి రూటు చివరిసారిగా పైకి అంటున్నాడు. ఏడు, ఎడమకి నాలుగు. ఏడు, ఎడమకి నాలుగు.

పన్నెండున్నరకి మూడు పేజీల ఉత్తర్వు బల్లమీదికి వచ్చింది. లేఖరి మొదటి పేజీలో వేలు పెట్టాడు, పరాంకుశం గారు సంతకం పెట్టారు. మధ్య పేజీ తిప్పాడు. మూడో పేజీ అడుగున వేలు పెట్టాడు, మళ్ళీ సంతకం. గుమాస్తా గుండ్రటి ముద్ర కొట్టాడు. తేజోమూర్తి కూడా అక్కడే అందినట్టు సంతకం చేసి, లారీవాడికి ఫోను చెయ్యబోయాడు.

"అయ్యా," అన్నాడు యేసుపాదం. "నాకు కళ్ళు లేవు. నన్ను ఏడకి తోలతన్నారో ఆ కాగితం ఒకసారి పైకి చదివించండి. అంతకన్నా ఏమీ అడగను."

సరుకుకి ఉత్తర్వు చదివి వినిపించే సంప్రదాయం లేదని అధికారి అనబోయారు. ఈలోపే ముక్కంటేశ్వరరావు కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ అందరూ విన్నదే. రెండో పేజీలో, కొరిటెపాడులోని సదరు కట్టడం నివాసగృహమనీ, యేసుపాదం మనిషనీ, ఆయన కోరినంతకాలం అందులో ఉండవచ్చుననీ ఉంది. సుస్థిర నివాస్ వారు చేయించుకున్న నాలుగు వందల పన్నెండు అగ్రిమెంట్లలోనూ మధ్య పేజీలు రద్దయ్యాయి. ఇకపై ఏ ఒప్పందమైనా సంతకానికి ముందు ప్రతి పేజీ పైకి చదివి వినిపించవలెను. చదవవలసినది ఉప సమన్వయాధికారి స్వయంగా.

పరాంకుశం గారి మొహం రంగులు మారింది. ఇది తాను చెప్పిన ఉత్తర్వు కాదన్నారు. తేజోమూర్తి ఇది మోసమన్నాడు. ఈ పని ఎవరిదో ఇప్పుడే తేలాలని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ముక్కంటేశ్వరరావు కాగితాలు బల్లమీద జాగ్రత్తగా పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"తేలడానికేముంది సార్. నేనే చేశాను. ఇదీ నేనే, ఆ మిర్చి పేజీలూ నేనే. తేజోమూర్తి గారు నిరుడు నన్ను పిలిచి, ప్రతి అగ్రిమెంటులో ఇరవై రెండు షరతులుండాలన్నారు. కాగితం మందంగా ఉంటేనే నమ్మకమని ఎవరో సలహాదారు చెప్పాడంట. ఇల్లు అద్దెకివ్వడానికి నాకు తెలిసినవి తొమ్మిది షరతులు. మిగతా పదమూడు ఎక్కణ్ణించి తేను? నా కంప్యూటర్లో కోల్డ్‌స్టోరేజీ దస్తావేజు ఒకటుంటే అందులోంచి తీసి పెట్టాను. జనాన్ని మళ్ళీ పిలిస్తే గొడవలవుతాయి, సంతకాలున్న పేజీలుంచి మధ్యవి మార్చెయ్యమన్నారు. మార్చాను. ఆయనకి చదివి వినిపించాను కూడా. ఫోనులో ఉండి, బాగుంది, కొంచెం గట్టిగా రాయండన్నారు. అప్పుడు పెట్రోలు బంకు రాశాను. మామిడితోట రాశాను.

"ముప్పై ఒక్కేళ్ళు సార్. ఆ షెడ్డులో కూర్చుని ఎన్ని వేల కాగితాలు రాశానో. అక్షరం తప్పు లేకుండా రాసేవాణ్ణి. ఒక్కరంటే ఒక్కరు మధ్య పేజీ చదవలేదు. సంతకం ఎక్కడ పెట్టాలనే అడిగారు. అందుకని, ఎవరైనా చదివి వచ్చి నన్ను నాలుగు తిడతారేమోనని రాశాను. తిడితే చాలనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. నేను రాసింది చదవలేదు గానీ, అమలు చెయ్యడం మొదలుపెట్టారు. పెద్దాయన కోసం లారీ వస్తుందని నిన్న ఈ అమ్మాయి చెప్పిందాకా నాకు తెలియదు. తెలిశాక అన్నం దిగలేదు.

"నా లైసెన్సు తీసేసుకోండి, కేసు పెట్టండి. నేను కాదనను. కానీ ఇందాక మీరే అన్నారు, సంతకం, ముద్ర పడ్డాక కాగితమే మాట్లాడుతుందని. ఇవి రెండూ మీవే. పెద్దాయన్ని ఇంటికి వెళ్ళనివ్వండి. ఇంక మూడో పేజీ మిగిలింది సార్. దాని అడుగునా మీ ఇద్దరి సంతకాలున్నాయి. అందులో ఏం రాశానో నేను చెప్పను. మీరే చదువుకోండి."